ఇంటి గోడమీది పొడ

గృహ పాఠము
చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–57



లేవీయకాండమును వరుసగా చదువువారిలో అనేకులు పదునాలుగవ అధ్యాయపు చివరి భాగమునకు వచ్చినప్పుడు త్వరగా దాటిపోవుదురు. గోడలు, రాళ్లు, అడుసు, గీకుట, ఈ సంగతులు మనకేమి ఉపయోగమని వారికి తోచును. అయితే మన పల్లెలలో ఇప్పుడు అనేకమైన పెంకుటిండ్లు పోయి డాబాలు వచ్చినవి. డాబాలలో వేసవి వేడికి తాళలేక ఏసీలు పెట్టించుకొనుచున్నారు. రెండు మూడేండ్లు గడచునప్పటికి కొన్ని యిండ్లలో ఏసీ క్రింది గోడ చెమ్మగిల్లి, రంగు పొంగి, పెచ్చులూడి, నల్లగాను పచ్చగాను మచ్చలు పుట్టుచున్నవి. తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టును. పిల్లలు రాత్రులు దగ్గుదురు. ఇంటివారు ఏమి చేయుదురు? క్రిస్మసు వచ్చుచున్నదని ఆ మచ్చలమీద రంగు వేయింతురు. మట్టల ఆదివారము నాటికి అవే మచ్చలు తిరిగి బయటపడును.

కావున ఈ నెల పాఠములో రెండు సంగతులను కలిపి నేర్చుకొందము. గోడమీది పొడను గూర్చి శాస్త్రభాగము చెప్పు క్రమమేదో మొదట చూతము. పిమ్మట ఏసీ నీటివలన పుట్టు బూజును ఏలాగు పోగొట్టవలెనో, ఇంటిలోని వారిని ఏలాగు కాపాడవలెనో తెలిసికొందము.

1. శాస్త్రభాగములో ఉన్న క్రమము

ఈ ఆజ్ఞ ఇయ్యబడిన కాలమున ఇశ్రాయేలీయులు అరణ్యములో గుడారములలో ఉండిరి. వారికి ఇంకను ఇండ్లు లేవు. కనానులో కాపురముండబోవు ఇండ్లకొరకు ఈ కట్టడ ముందుగానే వచ్చెను. ఇల్లు రాకమునుపే ఇంటి జాగ్రత్త నేర్పబడెనని దీనివలన గ్రహింపవచ్చును.

క్రమమేమనగా, మొదట ఇంటి యజమానుడు తానే వచ్చి యాజకునికి తెలియజేయవలెను (35వ వచనము). యాజకుడు చూడరాకమునుపే ఇంటిలోని సామానులను బయట పెట్టింపవలెను (36). తరువాత అతడు గోడను చూచి, మచ్చల రంగును, అవి గోడలోనికి ఎంత లోతుగా దిగినవో కనిపెట్టవలెను (37). ఏడు దినములు ఆ ఇల్లు మూసి యుంచవలెను (38). ఏడవ దినమున పొడ వ్యాపించి యున్నయెడల ఆ రాళ్లను ఊడదీసి, ఊరి వెలుపల పారవేసి, ఇంటి లోపలంతయు గీకించి, వేరు రాళ్లు పెట్టి, వేరు అడుసు పూయవలెను (39–42). అంత చేసినను తిరిగి వచ్చినయెడల ఇల్లు పడగొట్టవలెను (43–45). తిరిగి రానియెడల ఇల్లు పవిత్రమని చెప్పవలెను (48).

ఇందులో ఒక కనికరము కలదు. యాజకుడు ఇల్లు అపవిత్రమని చెప్పినయెడల లోపలి సామానంతయు అపవిత్రమగును. గనుకనే చూడకముందే దానిని బయట పెట్టుమని చెప్పబడెను. పేదవాని మంచము, కుండలు, బట్టలు అనవసరముగా పోకూడదని ఆ యేర్పాటు.

2. ఆ పొడ ఏమై యుండును?

మన తెలుగు బైబిలులో ఈ పొడకు కుష్ఠు అను మాట వాడబడినది. హెబ్రీ భాషలో ఒక్క మాటయే మనుష్యుని చర్మమునకును, బట్టకును, గోడకును వాడబడుటచేత తెలుగులోను ఆలాగే వచ్చెను. నేడు మనము కుష్ఠు అని పిలుచు వ్యాధి ఒక సూక్ష్మజీవివలన కలుగును. దానిని నార్వే దేశస్థుడైన హాన్సెన్ అను వైద్యుడు 1873లో కనుగొనెను. అది గోడలమీద పెరుగదు. గనుక గోడమీది పొడ బూజువంటిదై యుండునని నేటి పండితులు అనేకులు చెప్పుచున్నారు.

బూజు మనకు క్రొత్తది కాదు. తడి చెయ్యి తగిలిన ఊరగాయ జాడీలోను, వానకు తడిసిన గడ్డివాములోను, సరిగా ఎండని వేరుశనగకాయలలోను దానిని చూచుచున్నాము. అది మొక్క కాదు, పురుగు కాదు, శిలీంధ్రమను జాతికి చెందిన జీవము. దాని విత్తనములవంటి రేణువులు కంటికి కనబడనంత చిన్నవై గాలిలో ఎల్లప్పుడు ఎగురుచునే యుండును. ఏ ఇంటిలోనుండియు వాటిని బొత్తిగా వెళ్లగొట్టుట సాధ్యము కాదు. అయితే అవి మొలచుటకు తడి కావలెను. తడిసిన వస్తువు ఒకటి రెండు దినములలో, అనగా 24 మొదలు 48 గంటలలో ఆరనియెడల దానిమీద బూజు మొలవ మొదలుపెట్టును. కావున బూజుతో పోరాటమనగా తడితో పోరాటమే.

3. ఏసీకి నీరు ఎక్కడినుండి వచ్చును?

చల్లని నీరు పోసిన ఇత్తడి చెంబు బయటివైపు చెమర్చుట మీరు చూచియుందురు. ఆ నీరు చెంబులోనుండి ఊరినది కాదు. గాలిలోని తేమ చల్లని ఇత్తడికి తగిలి నీరైనది. ఏసీ లోపలి చల్లని తీగచుట్టలమీద జరుగునది ఇదియే. 1902లో అమెరికాలో బ్రూక్లిన్ అను చోట ఒక ముద్రణాలయములో కాగితము తేమకు ఉబ్బి రంగులు సరిగా పడనందున, ఆ తేమను తీయుటకు విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు యంత్రమొకటి ఏర్పరచెను. నేటి ఏసీలకు అదియే మొదలు. కాబట్టి నీరు కారుట ఏసీకి జబ్బు కాదు, అది దాని పనియే. మన కోస్తా జిల్లాలలో తేమ మిక్కుటమైన దినమున పడకగది ఏసీ ఒకటి గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు రెండు లీటర్ల నీరు తీయును. ఆ నీరు గొట్టముగుండ వెలుపలికి పోవలెను. అది గోడలోనికి పోవుటయే కీడు.

అట్లు పోవుటకు మామూలుగా ఉండు కారణములు ఇవి:

నీటి గొట్టములో దుమ్మును పాకుడును చేరి పూడిపోవుట. అప్పుడు లోపలి తొట్టి నిండి గదిలోనికి పొర్లును.

గొట్టమునకు వాలు లేకపోవుట. అడుగుకు సుమారు పావు అంగుళము చొప్పున క్రిందికి వాలి యుండవలెను. మధ్యలో వ్రేలాడినను, పైకి లేచినను నీరు నిలుచును. గొట్టపు కొనను బకెట్టులోని నీటిలో ముంచి యుంచినను ప్రవాహము అడ్డగింపబడవచ్చును.

గాలివడపోత జల్లెడ మురికితో నిండుట. గాలి ఆడక తీగచుట్టలమీద మంచు కట్టి, ఏసీ ఆపినప్పుడు అది కరగి ఒక్కసారిగా కారును. లోపలి వాయువు తగ్గినను ఈలాగే జరుగును.

రాగి గొట్టమునకు చుట్టిన మెత్తని తొడుగు చినుగుట. అప్పుడు ఆ గొట్టము గోడలోపలనే చెమర్చి, ఎవరికిని కనబడకుండ గోడను తడుపును.

గోడకు చేసిన రంధ్రమును మూయకపోవుట. వాన జల్లు దానిగుండ లోపలికి దిగును.

లోపలి పెట్టె ఒక ప్రక్కకు ఒరిగి యుండుట.

4. మొదట నీటిని ఆపవలెను

కారుచున్న కుండను అట్లే యుంచి నేల తుడుచువాడు బుద్ధిమంతుడు కాడు. రంగు కొనకముందు, పెచ్చు గీకకముందు, నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో కనుగొనవలెను.

ఏసీ నడచునప్పుడు ఇంటి వెలుపలికి వెళ్లి గొట్టపు కొనను చూడుడి. ఉక్కపోతగా నున్న దినమున అరగంట నడచినను అక్కడ చుక్క పడక, లోపల గోడ తడియుచున్నయెడల గొట్టము పూడినదని తలంపవచ్చును. జల్లెడను వేసవిలో రెండు వారముల కొకసారి తీసి, నీళ్లతో కడిగి, నీడను ఆరబెట్టి తిరిగి పెట్టవలెను. ఇది ఇంటివారే చేయదగిన పని. గొట్టము పూడిక తీయించుట, వాలు సరిచేయించుట, తొడుగు మార్పించుట, వాయువు పరీక్షింపించుట మెకానిక్కు పని. అతడు వచ్చినప్పుడు పైన చెప్పిన కారణములన్నియు ఒక్కొక్కటిగా చూడుమని అడుగుడి. వాయువు నింపి వెళ్లిపోయినంత మాత్రమున గోడ ఆరదు.

చెమ్మ గోడలోపలినుండి వచ్చుచున్నదా, గదిలోని గాలివలన పట్టుచున్నదా యని తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితమును తడిగోడకు ఆనించి నాలుగు అంచులను టేపుతో గట్టిగా అంటింపుడి. ఒక దినమైన తరువాత చూడుడి. కాగితమునకు గోడవైపున నీటిబొట్లు ఉన్నయెడల చెమ్మ గోడలోనిది. గదివైపున ఉన్నయెడల గాలిలోని తేమ చల్లని గోడకు పట్టినది. రెండవది అయినయెడల ఏసీని మరీ తగ్గించి 18 డిగ్రీలలో నడపుట మానవలెను. మన దేశములో 2020 నుండి నక్షత్ర గుర్తులుగల గది ఏసీలు తెరచినప్పుడు 24 డిగ్రీలలో నిలుచునట్లు నియమింపబడినది. ఆ మట్టమున గోడలు అంతగా చల్లబడవు, కరెంటు బిల్లును తగ్గును.

5. బూజును తీయు విధము

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పునకు మించని మచ్చను ఇంటివారే శుభ్రపరచుకొనవచ్చును. అంతకంటె పెద్దదైనయెడల, లేక పైకప్పునకు కొట్టిన అట్టలలోపల వ్యాపించినయెడల, పని తెలిసినవారిని పిలువవలెను.

మొదట శాస్త్రభాగములో చెప్పినట్లే గదిని ఖాళీ చేయుడి. మంచము, బట్టలు, పుస్తకములు, బియ్యపు సంచులు బయట పెట్టుడి. చిన్నపిల్లలను, ఆయాసము గలవారిని ఆ దినమున వేరుచోట ఉంచుడి. ఏసీని, దగ్గరనున్న స్విచ్చి పెట్టెను మెయిన్‌వద్దనే ఆపుడి. తడిగోడలో విద్యుత్తు ప్రాణాపాయము. కిటికీలు తెరచి, ముక్కునకు నోటికి ఎన్95 మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొనుడి.

పొడిగా ఉన్న బూజును చీపురుతో దులుపకూడదు. దులిపినయెడల రేణువులు ఇల్లంతయు ఎగురును. మొదట సబ్బునీటిని చిలకరించి తడిపి, తరువాత బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయుడి. గట్టి గచ్చునకు, పలకలకు సబ్బునీరు చాలును. పొంగిన పుట్టీని, వదులైన పెచ్చులను తడిపి గట్టి గోడ వచ్చువరకు గీకి, ఆ మట్టిని సంచులలో ఇంటి వెలుపలికి తీసికొనిపోవలెను.

ద్రవరూపమైన బ్లీచింగు వాడువారు నాలుగు లీటర్ల నీటిలో ఒక గ్లాసునకు, అనగా సుమారు 240 మిల్లీలీటర్లకు మించి కలుపరాదు. బావులలో చల్లు బ్లీచింగు పొడి వేరు గనుక దానికి ఈ లెక్క చెల్లదు. ఒక సంగతి గట్టిగా జ్ఞాపకముంచుకొనుడి: బ్లీచింగుతో మరుగుదొడ్డి కడుగు యాసిడ్డును గాని, వెనిగరును గాని, అమ్మోనియా గల మందును గాని ఎన్నడును కలుపకూడదు. అట్లు కలిపినయెడల విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును.

దూది పరుపు, దిండ్లు, తడిసి ఉబ్బిన ప్లైవుడ్డు, పైకప్పు అట్టలు లోపలివరకు బూజు పట్టినయెడల వాటిని శుభ్రపరచుట కష్టము. నష్టమైనను పారవేయుటయే మేలు. బట్టలను ఉతికి ఎండలో ఆరవేయుడి. బైబిలు, కీర్తనల పుస్తకము మొదలగు వాటిని మొదట గాలికి బాగుగా ఆరనిచ్చి, ఆరుబయట మాస్కు కట్టుకొని మెత్తని బ్రష్షుతో దులిపి, తడిగోడకు ఆనని బీరువాలో పెట్టుడి.

6. గోడను ఆరనియ్యవలెను

ఏడు దినములు మూసి మరల చూడుమన్న మాటలోని ఓర్పు ఇక్కడ మనకు కావలెను. పైకి ఆరినట్లు కనబడు గోడ లోపల తడిగానే ఉండవచ్చును. ఫంకా పెట్టి, కిటికీలు తెరచి, వారములకొలది ఆరనియ్యవలసి వచ్చును. ప్లాస్టిక్ కాగితపు పరీక్షను మరల చేయుడి. గోడవైపు బొట్లు కనబడనప్పుడే క్రొత్త పూత పూయవలెను. సున్నపు పూత క్షారగుణము గలదగుటచేత బూజు దానిమీద త్వరగా పెరుగదు, గోడకు గాలియు ఆడును. బూజుమీద వేసిన రంగు మాత్రము ఎంత ఖరీదైనదైనను నిలువదు. పని ముగిసినను ప్రతి వారము ఆ చోటును చేతితో తడిమి, వాసన చూచి, తిరిగి వచ్చుచున్నదేమో కనిపెట్టుచుండవలెను.

7. ఎవరికి అపాయము?

చెమ్మ, బూజు ఉన్న ఇండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ వ్యాధులు ఎక్కువగా కలుగుననియు, ఉబ్బసము గలవారికి అది ముదురుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించినది. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసము గలవారు, మునుపు క్షయవలన ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, కాన్సరు చికిత్స పొందువారు ఆ గదిలో పండుకొనకూడదు. దగ్గు మానకున్నయెడల వైద్యునియొద్దకు పోవలెను. పీల్చుమందు వాడుచున్నవారు గోడ శుభ్రమైనదని దానిని తమంతట తాము మానకూడదు.

2021లో కోవిడు తరువాత అనేకులను బాధించిన బ్లాక్ ఫంగస్ అను రోగమును తలంచుకొని కొందరు గోడమీది నల్లమచ్చకు మిక్కిలి భయపడుదురు. ఆ రోగము వేరు జాతి శిలీంధ్రమువలన, ముఖ్యముగా మధుమేహము అదుపులో లేనివారికిని స్టెరాయిడ్లు మిక్కుటముగా వాడినవారికిని వచ్చెను. గోడమీది నల్లమచ్చ ఆ రోగమునకు గుర్తు కాదు. భయము వద్దు, అయితే నిర్లక్ష్యమును వద్దు.

8. మనము నేర్చుకొనవలసిన సంగతులు

మొదటిది, దాచకూడదు. యజమానుడు తానే వచ్చి చెప్పవలెనని వ్రాయబడెను. మన ఇండ్లలో చుట్టములు వచ్చినప్పుడు మచ్చకు అడ్డముగా క్యాలెండరు తగిలింతుము. పెండ్లిచూపులనాడు బీరువాను అక్కడికి జరుపుదుము. దాని వెనుక బూజు నిమ్మళముగా పెరుగుచునే యుండును.

రెండవది, నిందింపకూడదు. గోడకు బూజు పట్టినదని కోడలి శుభ్రతను ఎత్తిచూపు అత్తలు కలరు. ఇంటికి శాపము తగిలినదని పలుకు ఇరుగుపొరుగువారును కలరు. గొట్టము పూడిపోయినందుకు కోడలు ఏమి చేయును? బిడ్డ దగ్గును ఆ తల్లి పాపమునకు ఫలమని చెప్పుట ఎంత అన్యాయము! గ్రుడ్డివానిగా పుట్టినవానిని గూర్చి, ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ తలంపును కొట్టివేసెను (యోహాను 9:1–3). మనమును కారణమును వెదకుదము గాని అపరాధిని వెదకవద్దు.

మూడవది, పొరుగువానిని తలంపవలెను. మన ఏసీ నీరు మన గోడను విడిచి పొరుగువాని గోడమీద పడుచున్నయెడల మన ఇల్లు బాగుపడినదని సంతోషింపరాదు. రెండు మూరల గొట్టము ఎక్కువ కొని మన మొక్కల పాదులోనికి మళ్లించినయెడల తగవు తీరును. అద్దె ఇంటివాడు చెమ్మను గూర్చి చెప్పినప్పుడు ఇంటిగలవాడు కోపపడక వచ్చి చూడవలెను. అద్దెకున్నవాడును కొంచెముగా ఉన్నప్పుడే చెప్పవలెను.

నాలుగవది, పైపూతతో తృప్తిపడకూడదు. శాస్త్రభాగములో రాయిని ఊడదీసి, గీకి, ఊరి వెలుపల పారవేసిన తరువాతనే క్రొత్త అడుసు వచ్చెను. మన కుటుంబములలో పాతకక్షలు, చెప్పుకొనని అప్పులు, అన్నదమ్ముల మధ్య మౌనము కూడ ఈలాటివే. పండుగనాడు క్రొత్తబట్టలు కట్టుకొని ఒకే బల్లయొద్ద కూర్చున్నంత మాత్రమున అవి పోవు. తడి ఎక్కడినుండి వచ్చుచున్నదో కూర్చుండి మాటలాడుకొనవలెను.

కుటుంబ ప్రార్థనలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఇల్లు చూడకముందే సామాను బయట పెట్టుమని ఏల చెప్పబడెను?
2. బూజు మొలచుటకు ఎన్ని గంటల తడి చాలును?
3. మన ఇంటిలో, మన ప్రార్థన మందిరములో ఏసీ గొట్టపు కొన ఎక్కడ ఉన్నది? దాని నీరు ఎవరి గోడమీద పడుచున్నది?
4. బ్లీచింగుతో ఏమేమి కలుపకూడదు?
5. మన సంఘములో ఒంటరిగానున్న విధవరాలి ఇంటిలోనో, వృద్ధుల ఇంటిలోనో చెమ్మగోడ యున్నయెడల, ఈ క్రిస్మసునకు ముందు యౌవనస్థులు ఏ దినమున వెళ్లి శుభ్రపరచుదురు? దినమును ఇప్పుడే నిర్ణయించుకొనుడి.